ఫోర్డ్ బండి తలుపు మీద నంబర్ల ప్యాడ్: కోడ్ ఇవ్వలేదు, నాన్నకు ఎలా నేర్పించాలి?

పర్లాకిమిడి జీడిపప్పు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, జీడిపప్పు వ్యాపారం. మా చెల్లి మిషిగన్‌లో ఉంటుంది. రెండో పాప పుట్టిందని అమ్మ, నాన్న చలికాలానికి ముందే అక్కడికి వెళ్ళారు. ఇద్దరు పిల్లలయ్యాక పాత కారు సరిపోక చెల్లివాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కొన్నారు.

ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే, ఎక్కడికి వెళ్ళినా రిమోట్ చెల్లి బ్యాగులోనో బావ జేబులోనో ఉంటుంది. గుడికి వెళ్తారు, హాస్పిటల్‌కి వెళ్తారు, పాప సంచీ బండిలో ఉండిపోతుంది. నాన్న తెస్తానని బయల్దేరి మంచులో బండి పక్కన నిలబడి ఫోన్ చేస్తారు, లోపల వీళ్ళకు సిగ్నల్ ఉండదు. నాన్నకు 71 ఏళ్ళు, షుగర్ ఉంది. వినడానికే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

ఆ బండికి డ్రైవర్ తలుపు అద్దం వెనక ఉండే నల్లటి పట్టీ మీద వేలు పెడితే నంబర్లు వెలుగుతాయట. 1-2, 3-4, 5-6, 7-8, 9-0 అని ఐదే గడులు. దానితో తాళం లేకుండా తలుపు తియ్యొచ్చట. కానీ అమ్మినవాళ్ళు కోడ్ ఇవ్వలేదు, అడిగితే తమకు తెలియదన్నారు. ఈ ప్యాడ్ వాడినవాళ్ళు ఎవరైనా ఉంటే కోడ్ ఎలా పట్టుకోవాలో, పెద్దవాళ్ళకు ఎలా అలవాటు చెయ్యాలో చెప్పండి.

ఇంకో ప్రశ్న నా కోసం. కార్తీక సోమవారాలు ముఖలింగం వెళ్ళి వంశధారలో మునుగుతాం. బొలెరో తాళం ఎవరి చేతిలో పెట్టాలన్నది ఎప్పుడూ సమస్యే. అలాంటి ప్యాడ్ మన బండికి పెట్టించుకోవచ్చా?

రాయగడ రైలుబండి:

బాబాయ్, మీ బొలెరోకి అయితే ఆన్‌లైన్‌లో కీప్యాడ్ కిట్లు దొరుకుతాయి. ఆర్డర్ పెట్టి ఏ ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చినా బిగించేస్తాడు. ఫోర్డ్ సంగతి నాకు తెలీదు.

బరంపురం పెద్దమ్మ:

బాబూ, చెల్లికి పాప పుట్టినందుకు ముందుగా సంతోషం. మా అబ్బాయి కూడా మిషిగన్‌లోనే, డెట్రాయిట్ దగ్గర. ఒక చలికాలమంతా అక్కడ ఉన్నాను. వాడి బండికీ ఇదే ప్యాడ్. మనవరాలిని స్కూలు నుంచి తెచ్చేటప్పుడు, సరుకులు సర్దేటప్పుడు నాకు అదే తాళం. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, మీ చెల్లికి ఉన్నదున్నట్టు పంపించు.

కోడ్ సంగతి. బండి కొత్తగా కొన్నప్పుడు ఒక చిన్న కార్డు ఇస్తారు, ఫ్యాక్టరీలో పెట్టిన ఐదంకెల కోడ్ దాని మీద ఉంటుంది. డ్రైవర్ పక్క సీటు అంటే మన లెక్కలో ఎడమ సీటు అనుకునేరు, అక్కడ డ్రైవర్ ఎడమవైపే కూర్చుంటాడు. కాబట్టి కుడి సీటు ముందున్న అరలో బండి పుస్తకం సంచీ ఉంటుంది, దాని ప్రతి జేబూ వెతకమను. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఈ కార్డు చాలాసార్లు పోయి ఉంటుంది.

కార్డు లేకపోతే, బండితో రెండు రిమోట్లు వచ్చాయా అని అడుగు. స్టార్ట్ బటన్ ఉన్న మోడళ్ళు చాలావాటిలో రెండు రిమోట్లూ ఉంటే బండే కోడ్ చూపిస్తుంది. రిమోట్‌లో సెల్ అయిపోయినప్పుడు స్టార్ట్ చెయ్యడం కోసం దాన్ని పెట్టే చోటు ఒకటి లోపల ఉంటుంది, ఎక్కడో పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. మొదటి రిమోట్ అక్కడ పెట్టి, బ్రేక్ తొక్కకుండా స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి కొన్ని సెకన్లు ఆగాలి. మళ్ళీ నొక్కి ఆపేసి, ఆ రిమోట్ తీసి, రెండోది పెట్టి బటన్ నొక్కితే స్టీరింగ్ వెనక తెర మీద ఐదంకెలూ కాసేపు కనిపిస్తాయి. బావగారిని పక్కన కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోమను, చూస్తుండగానే పోతాయి. ఒకే రిమోట్ ఉంటే మాత్రం డీలర్ దగ్గరికి వెళ్ళక తప్పదు. బండి తమదేనని కాగితాలు చూపించమంటారు. అడగడమే మంచిది కదా, లేకపోతే ఎవరు పడితే వాళ్ళు వెళ్ళి అడిగేస్తారు.

ఇప్పుడు అసలు మాట. ఆ ఫ్యాక్టరీ కోడ్ దొరికింది కదా అని దాన్నే నాన్నగారికి నేర్పించొద్దు. ఫ్యాక్టరీ కోడ్ బండి పుట్టుకతో వచ్చింది, ఇంట్లో కూర్చుని మార్చలేం. అది అందరి నోళ్ళలోనూ పడితే వెనక్కి తీసుకోలేం. దాన్ని చెల్లి, బావగారు దాచుకోవాలి. మిగతావాళ్ళకు సొంత కోడ్‌లు పెట్టాలి. అవి ఎప్పుడంటే అప్పుడు పెట్టొచ్చు, చెరిపెయ్యొచ్చు. నేను ఇండియా వచ్చేశాక మా అబ్బాయి నా కోడ్ చెరిపేశాడు, తర్వాత వాళ్ళ అత్తగారు వచ్చినప్పుడు ఆవిడకు వేరేది పెట్టాడు. ఈ ప్యాడ్‌లో నాకు నచ్చింది అదే. తాళంచెవి ఒకరికి ఇస్తే తిరిగొచ్చేదాకా మనసు మనసులో ఉండదు. కోడ్ ఇస్తే ఆ బాధ లేదు.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇంకోటి. పాత ఓనర్ పెట్టుకున్న సొంత కోడ్‌లు ఇప్పటికీ పనిచేస్తూ ఉండొచ్చు. ముందు అవన్నీ చెరిపెయ్యాలి. ఫ్యాక్టరీ కోడ్ కొట్టి, ఐదు సెకన్లలోపు 1-2 నొక్కి వదిలి, మళ్ళీ 1-2ని రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే సొంత కోడ్‌లన్నీ పోతాయి. ఫ్యాక్టరీ కోడ్ మాత్రం పోదు. అది పాత ఓనరుకు తెలిసి ఉండొచ్చు, ఆ మాట మర్చిపోకుండా బండిలో పర్సులు, పాస్‌పోర్టులు వదలొద్దని చెప్పు.

కొత్త కోడ్ పెట్టడం కూడా దాదాపు అంతే. ఫ్యాక్టరీ కోడ్ కొట్టి, ఐదు సెకన్లలోపు 1-2 నొక్కి, కొత్త ఐదంకెలూ కొట్టాలి. ఈమధ్య మోడళ్ళలో దాని తర్వాత ఇంకో గడి నొక్కితే ఆ స్థానంలో దాచుకుంటుంది. 1-2 నొక్కితే మొదటి మనిషి, 3-4 నొక్కితే రెండో మనిషి, అలా ఐదుగురి వరకూ. తలుపుల లాక్‌లు ఒకసారి పడి లేస్తే కోడ్ పట్టిందని అర్థం. ఏ ఏడాది మోడలో దాన్ని బట్టి కొంచెం తేడా ఉంటుంది, కాబట్టి వాళ్ళ పుస్తకంలో ఆ పేజీ ఒకసారి చూసుకోమను.

ఏ నంబర్ పెట్టాలి? పుట్టినరోజులు వద్దు, ఇంటి నంబర్ వద్దు, ఒకే అంకె ఐదుసార్లు వద్దు, వరస అంకెలు వద్దు. నాన్నగారికి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేది, అమెరికాలో ఎవరికీ తెలియనిది కావాలి. మా ఆయన అయితే బరంపురం ఇంట్లో ఎప్పుడో తీయించేసిన ల్యాండ్‌లైన్ నంబర్ చివరి అంకెలు పెట్టించుకున్నారు. మీ నాన్నగారికి కూడా అలాంటిది ఏదో ఉంటుంది, అడిగి చూడు.

నేర్పించేటప్పుడు ఒక చోట పెద్దవాళ్ళు తికమకపడతారు. ఒక్కో గడి మీద రెండంకెలు ఉంటాయి కదా, 2 కావాలంటే ఏ వైపు నొక్కాలి అని ఆగిపోతారు. ఎటు నొక్కినా ఒకటే. 27045 అన్నా 18936 అన్నా ఆ బండికి తేడా తెలీదు, నొక్కిన గడులు అవే. ఈ సంగతి మొదటే చెప్తే సగం భయం పోతుంది. రెండోది, ఒక అంకెకీ ఇంకో అంకెకీ మధ్య ఐదు సెకన్లు దాటితే మొదటి నుంచి కొట్టాలి. నాన్నగారిని ముందు అంకెలన్నీ మనసులో అనుకుని, తర్వాత వేలు పెట్టమను. కాగితం మీద ఐదు గడులు గీసి ఇంట్లో సోఫాలో కూర్చుని సాధన చెయ్యమను. ఆ కాగితం మీద కోడ్ మాత్రం రాయకూడదు.

కోడ్ కొట్టగానే మామూలుగా డ్రైవర్ తలుపు ఒక్కటే తెరుచుకుంటుంది. పాప సంచీ వెనక సీటులో ఉంటుంది కదా, అందుకని వెంటనే, ఐదు సెకన్లలోపు, 3-4 నొక్కాలి. అప్పుడు అన్ని తలుపులూ వస్తాయి. డిక్కీకి అయితే 5-6. పని అయ్యాక డ్రైవర్ తలుపు వేసి 7-8, 9-0 రెండూ ఒకేసారి నొక్కితే అన్నీ లాక్ అవుతాయి, దానికి కోడ్ అక్కర్లేదు. మీ నాన్నగారికి ఇదే ముందు నేర్పించమంటాను. తియ్యడం ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు. సంచీ తీసుకుని, చలికి తలుపు వేసేసి, లాక్ చెయ్యకుండా లోపలికి పరిగెత్తేవాళ్ళే ఎక్కువ.

చలి గురించి చెప్పాలి. వేలు తగిలితే పనిచేసే ప్యాడ్ అది, ఉన్ని గ్లవ్స్‌తో ఎంత నొక్కినా ఉలకదు పలకదు. గ్లవ్స్ తీసి, పట్టీ మీద మంచు ఉంటే మెత్తటి బ్రష్‌తోనో చేత్తోనో తుడిచి, అప్పుడు నొక్కాలి. గీకే పలకతో గీకొద్దు. షుగర్ ఉన్నవాళ్ళకు వేళ్ళ స్పర్శ తక్కువగా ఉంటే చలి ఎంత కొరుకుతోందో తెలీదు, అందుకని కుడి చేతి గ్లవ్ ఒక్కటే తీసి, పని అవగానే తొడుక్కోమను. ఒకవేళ రోజూ అదే పని అయితే, వేలి కొనల దగ్గర టచ్ ఫోన్‌కి పనిచేసే రకం గ్లవ్స్ కొనిచ్చి చూడమను.

ఇంకొక్క మాట. ఈ కోడ్ తలుపు వరకే, ఇంజన్ దానితో స్టార్ట్ కాదు. రిమోట్ చెల్లి దగ్గర ఉన్నా నాన్నగారు లోపల కూర్చోగలరు గానీ హీటర్ వేసుకోలేరు. కాబట్టి బండిలో కూర్చుని ఎదురుచూడమని పంపకండి, సంచీ తెచ్చుకోవడానికే పంపండి.

జయపురం వైర్‌మ్యాన్:

పెద్దమ్మగారు చెప్పిన ప్రతిదీ సరైనదే. నేను జయపురంలో కార్ల వైరింగ్ పని చేస్తాను, అందుకని రెండు విషయాలు కలుపుతాను.

ఫోర్డ్ ఈ ప్యాడ్‌ని 1980 మోడళ్ళలో మొదలుపెట్టింది. అప్పటి నుంచీ ఐదు గడులే. ఐదు గడులు, ఐదు నొక్కులు అంటే మొత్తం 3,125 రకాలు. ఒక కోడ్ చివరి నొక్కులే తర్వాతి కోడ్‌కి మొదటివి అయ్యేలా పేర్చుకుంటూ పోతే 3,129 నొక్కుల్లో అన్ని రకాలూ అయిపోయే వరస ఒకటి లెక్కల్లో ఉంది. అది విని చాలామంది భయపడతారు. కానీ వరసగా ఏడు తప్పు కోడ్‌లు, అంటే 35 నొక్కులు పడితే ప్యాడ్ ఒక నిమిషం పనిచెయ్యకుండా ఆగి, దీపం మిణుకుమిణుకుమంటుంది. ప్రతి 35కీ ఒక నిమిషం ఆగుతూ పోతే ఆగడానికే దాదాపు గంటన్నర. పార్కింగ్‌లో అంతసేపు ఎవరూ నిలబడరు. మీ నాన్నగారు తడబడి ఎక్కువసార్లు తప్పు కొడితే ఆ దీపం చూసి కంగారు పడొద్దని చెప్పండి, ప్యాడ్ ముట్టుకోకుండా ఒక నిమిషం ఆగితే మామూలైపోతుంది.

అంతకంటే నిజమైన ప్రమాదం వేలిముద్రలు. నల్లటి నున్నటి పట్టీ మీద రోజూ ఆ మూడు నాలుగు చోట్లే జిడ్డు పడితే ఏ గడులో చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. బండి తుడిచినప్పుడు దాన్నీ తుడవాలి. పాత మోడళ్ళలో రబ్బరు బటన్లు ఉండేవి, వాటిలో అయితే వాడిన అంకెలు అరిగి కనిపించేవి.

బండి బ్యాటరీ డౌన్ అయితే ప్యాడ్ కూడా చచ్చినట్టే. అప్పటికి రిమోట్ లోపల దాచి ఉండే ఇనుప తాళం ఒక్కటే గతి. అది ఎలా బయటికి వస్తుందో మీ బావగారు వెచ్చగా ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి తీసి చూసుకోవాలి.

ఇక బొలెరో. రాయగడ తమ్ముడు చెప్పిన కిట్లు దొరుకుతాయి, నిజమే. నా దగ్గరికీ తెస్తారు. నేను బిగించను, ఎందుకో చెప్తాను. ఫోర్డ్‌లో ఆ ప్యాడ్ బండి సొంత కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. కిట్‌లో ప్యాడ్ వెళ్ళి సెంట్రల్ లాకింగ్ వైర్లకు క్షణంపాటు కరెంటు పంపుతుంది, అంతే. సెంట్రల్ లాకింగ్ లేని బండి అయితే తలుపు తలుపుకీ మోటార్లు పెట్టాలి. తలుపుకి కన్నం వేస్తే మన వానలకు నీరు దిగుతుంది, వైరు తుప్పు పడుతుంది. ప్యాడ్‌కి ఎప్పుడూ కరెంటు ఉండాలి, పది రోజులు బండి కదలకపోతే బ్యాటరీ మీద ఆ భారం పడుతుంది. చవక కిట్లలో తప్పు కోడ్ కొడితే ఆగే ఏర్పాటు కూడా అన్నింట్లో ఉండదు. పైగా వారంటీలో ఉన్న బండి వైరు కోస్తే, రేపు ఆ వైరింగ్‌లో ఏం వచ్చినా కంపెనీవాళ్ళు మేం చెయ్యం అంటారు. నది ఒడ్డున గంటసేపు తాళం దాచుకోవడానికి ఇంత అవసరం లేదు.

మీ తాళంచెవి తలలో చిప్ ఉందా? ఉంటే పని చాలా సులువు. చిప్ లేని ఉత్త డూప్లికేట్ ఒకటి చేయించండి. తాళాలు చేసే ఏ కొట్టులోనైనా చేస్తారు. అది తలుపు తీస్తుంది గానీ, చిప్ కనిపించకపోతే బండి ఇంజన్ స్టార్ట్ అవ్వనివ్వదు. దాన్ని మొలతాడుకి కట్టుకుని నదిలో మునగొచ్చు. చిన్న ఇనుప ముక్కే కాబట్టి తడిసినా ఏమీ కాదు. నదిలో పోయినా, దొరికినవాడు బండి తోలుకుపోలేడు.

పర్లాకిమిడి జీడిపప్పు:

పెద్దమ్మా, అన్నా, ఇద్దరికీ దణ్ణాలు. మీరు రాసింది చెల్లికి పంపించాను. కార్డు దొరకలేదు గానీ రిమోట్లు రెండూ ఉన్నాయి. బావ పుస్తకం చూసి ఆ చోటు కనుక్కున్నాడు, కోడ్ తెర మీద వచ్చింది. పాత కోడ్‌లన్నీ చెరిపేసి, నాన్నకు ఒకటి, అమ్మకు ఒకటి పెట్టారు. నాన్న తన పాత సర్వీసు నంబర్ నుంచి ఏవో అంకెలు తీసుకున్నారట, నాకు కూడా చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు నచ్చింది.

వీడియో కాల్‌లో చూపించారు. కుడి గ్లవ్ తీసి చంకలో పెట్టుకుని, వేలు పెట్టగానే అంకెలు వెలిగాయి. పెదవులు కదుపుతూ ఒక్కో గడీ నొక్కారు. టక్కున తలుపు వచ్చింది. వెంటనే 3-4 నొక్కి వెనక తలుపు తీసి సంచీ చూపించారు. లాక్ చెయ్యడం మాత్రం ఇంకా ఆలస్యం అవుతోంది, రెండు గడులూ ఒకేసారి పడట్లేదు. ఒకటి ముందు, ఒకటి వెనక నొక్కుతున్నారు.

అన్నా, నా బొలెరో తాళానికి చిప్ ఉంది. ఉత్త డూప్లికేట్ చేయించాను. తలుపు తీసింది, కానీ వెంటనే హారన్ మొదలైంది, వీధంతా బయటికి వచ్చింది. డూప్లికేట్ తప్పుగా కోశారా?

బరంపురం పెద్దమ్మ:

బాబూ, లాక్‌కి నాన్నగారిని రెండు చేతులూ వాడొద్దని చెప్పు. అంకెలు అడ్డంగా ఉన్నా నిలువుగా ఉన్నా 7-8, 9-0 పక్కపక్కనే ఉంటాయి. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి ఒకేసారి ఆనిస్తే చాలు, గట్టిగా నొక్కక్కర్లేదు. నాకూ మొదట్లో మనవరాలు అలాగే పట్టి చూపించింది. అమ్మగారికి కూడా నేర్పించండి, పాపను ఎత్తుకుని ఉన్నప్పుడు ఆవిడకే ఎక్కువ అవసరం.

జయపురం వైర్‌మ్యాన్:

డూప్లికేట్ సరిగ్గానే ఉంది. మీరు బండిని రిమోట్‌తో లాక్ చేసి ఉంటారు, అప్పుడు అలారం కూడా ఆన్ అవుతుంది. తర్వాత ఇనుప తాళంతో తీస్తే దొంగ తీశాడనుకుని అరుస్తుంది. ముఖలింగంలో దిగాక రిమోట్ వాడకండి. ఆ డూప్లికేట్‌తోనే తలుపులో తిప్పి లాక్ చేసి, దానితోనే తియ్యండి. చాలా బండ్లలో అలా చేస్తే అలారం జోలికి పోదు. ముందు ఇంటి దగ్గర లాక్ చేసి, ఐదు నిమిషాలు ఆగి, తీసి చూడండి. చిప్ ఉన్న అసలు తాళం లోపల పెట్టేటట్టయితే డ్యాష్‌బోర్డు అరలో వద్దు, అందరూ ముందు అక్కడే చూస్తారు. వెనక సీటు కింద జాకీ సామాను మధ్య గుడ్డలో చుట్టి పెట్టండి. స్టార్ట్ బటన్ ఉన్న బండ్లవాళ్ళు ఇది చదివితే, మీరు మాత్రం అలా చెయ్యొద్దు. రిమోట్ లోపల ఉంటే ఆ బండి లాక్ అవ్వకపోవచ్చు, లేదా తలుపు తీసినవాడికి స్టార్ట్ అయిపోతుంది.